థియరీ హెన్రీ: లండన్‌లో విగ్రహం పెట్టారు, సొంత దేశంలో మాత్రం అంతంత మాత్రమే. ఎందుకంటారు?

గోదారి గన్నర్

హెన్రీ ఫ్రాన్స్ ఫుట్‌బాల్ స్ట్రైకర్, లండన్ క్లబ్ ఆర్సెనల్‌లో ఎనిమిదేళ్లు ఆడాడు. ఆర్సెనల్ అభిమానిని కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

రికార్డు చూస్తే హెన్రీకి వంక పెట్టడానికి లేదు. ఫ్రాన్స్ తరఫున 123 మ్యాచ్‌లు, 51 గోల్స్. 1998లో ప్రపంచకప్, 2000లో యూరో. ఆర్సెనల్‌కు 228 గోల్స్, క్లబ్ చరిత్రలో ఇప్పటికీ అదే రికార్డు. 2011లో ఆర్సెనల్ సొంత మైదానం ఎమిరేట్స్ స్టేడియం బయట కంచు విగ్రహం పెట్టారు. 2021లో ప్రీమియర్ లీగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టినప్పుడు షియరర్‌తో పాటు మొట్టమొదట తీసుకున్నది ఇతన్నే.

కానీ ఫ్రాన్స్ వాళ్లు రాసేవి చదివితే వేరేలా ఉంటుంది. అదే జట్టు మిడ్‌ఫీల్డర్ జిడాన్ పేరెత్తితే పూనకం వస్తుంది. హెన్రీ దగ్గరికి వచ్చేసరికి "అవును, గొప్ప ఆటగాడే" అని ఆపేస్తారు. ఆ "గొప్ప ఆటగాడే" చాలా పొదుపుగా వస్తుంది. ఐర్లాండ్ మీద చేత్తో ఆపిన ఆ ఒక్క బంతి వల్లేనా, ఇంకేమైనా ఉందా?

మాంచెస్టర్ యునైటెడ్ వాళ్లు వెటకారం తగ్గించి రాయమని మనవి.

ఓబుల్‌రెడ్డి 7

పేరు పెట్టి పిలిచాక రాకపోతే మర్యాదగా ఉండదు.

నాకు హెన్రీ అంటే గౌరవమే. 2000 అక్టోబర్‌లో ఆర్సెనల్ పాత మైదానం హైబరీలో మా మీద కొట్టిన గోల్ ఇప్పటికీ మర్చిపోలేదు. గోల్‌కి వీపు పెట్టి నిలబడ్డాడు, వచ్చిన బంతిని కాలితో కాస్త పైకి లేపాడు, గిర్రున తిరిగి వాలీ (బంతి నేల తాకకముందే) కొట్టాడు. మా గోల్‌కీపర్ బార్తెజ్ అతనికి మొనాకోలోనూ ఫ్రాన్స్‌లోనూ సహచరుడు. తెలిసినవాడే కదా అని దయ కూడా చూపించలేదు.

కానీ ఫైనల్స్ సంగతేంటి? 1998 ప్రపంచకప్ ఫైనల్‌లో బెంచి మీదే. యూరో 2000 ఫైనల్‌లో గోల్ లేదు. ఎఫ్‌ఏ కప్ ఫైనల్స్‌లో ఒక్కటీ లేదు. 2006 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో, అదీ సొంతూరు పారిస్‌లో, బార్సిలోనా గోల్‌కీపర్ వాల్దెస్ ఒక్కడే ఎదురుగా ఉంటే కొట్టలేకపోయాడు. అదే ఏడాది ప్రపంచకప్ ఫైనల్‌లోనూ గోల్ లేదు. జనం గుండెల్లో ఉండిపోయేది ఫైనల్ గోల్సే. జిడాన్‌వి లెక్కపెట్టండి: 1998లో తలతో రెండు, 2002లో లెవర్కూసెన్ మీద ఆ వాలీ, 2006లో పెనాల్టీ. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

స్కోర్‌బుక్ శాస్త్రి

ఓబుల్‌రెడ్డి గారు ఒక ఫైనల్ దాటేశారు. 2003 కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్, పారిస్‌లోనే, కామెరూన్ మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో గోల్డెన్ గోల్ (పడగానే మ్యాచ్ ముగిసే గోల్) కొట్టింది హెన్రీనే. ఆ టోర్నీలో ఎక్కువ గోల్స్ అతనివే, ఉత్తమ ఆటగాడూ అతనే. అయితే ఆ కప్పు గురించి ఎవరూ సంతోషంగా మాట్లాడుకోరు. సెమీఫైనల్‌లో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె మైదానంలో కుప్పకూలి చనిపోయాడు. ఫైనల్ ఎలా ఆడారో వాళ్లకే తెలియాలి.

అలాగే 1998 ఫైనల్‌లో హెన్రీని దింపాలనే అనుకున్నారు. 68వ నిమిషంలో ఫ్రాన్స్ డిఫెండర్ దెసాయికి రెడ్ కార్డు పడేసరికి ప్లాన్ మారి వియెరాను దింపారు. ఆ టోర్నీలో ఫ్రాన్స్ తరఫున అందరికంటే ఎక్కువగా మూడు గోల్స్ కొట్టింది ఈ ఇరవై ఏళ్ల కుర్రాడే. ఈ సంగతి చాలామందికి గుర్తుండదు, ఎందుకంటే ఆ మూడూ గ్రూప్ మ్యాచ్‌ల్లోనే.

రజని (పారిస్ శివారు)

నేనుండేది ఎస్సోన్ జిల్లాలో. హెన్రీ పుట్టి పెరిగిన లేజులిస్ మాకు దగ్గరే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

లేజులిస్ అంటే పాత ఫ్రెంచ్ పల్లెటూరు కాదు. పారిస్‌కు నైరుతి దిక్కున కొత్తగా కట్టిన కాలనీ ఊరు, మునిసిపాలిటీ అయ్యిందే 1977లో. హెన్రీ పుట్టిందీ అదే ఏడాది, ఆగస్టు 17న. వరసగా కాంక్రీటు అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య జనం నడవడానికి ఎత్తున కట్టిన వంతెనలు. నాన్న ఆంత్వాన్‌ది గ్వాదెలూప్, అమ్మ మారీజ్‌ది మార్టినిక్. రెండూ కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచ్ దీవులు. పాత్రిస్ ఎవ్రా పెరిగిందీ ఈ ఊళ్లోనే, మార్సియాల్ బంతి తన్నడం నేర్చిందీ ఇక్కడి క్లబ్‌లోనే. అంత చిన్న ఊరికి ఇది మామూలు విషయం కాదు.

ఇక్కడ అతన్నెవరూ ద్వేషించరు. కానీ గన్నర్ గారు అన్న పొదుపు నిజమే. నేను గమనించినంతలో కారణం చేతి గోల్ కంటే పాతది. హెన్రీ 21 ఏళ్లకే దేశం దాటాడు. 1999 జనవరిలో యువెంటస్‌కు, ఆగస్టులో ఆర్సెనల్‌కు. అతని అసలు ఆట ఎనిమిదేళ్లు శనివారం శనివారం లండన్ వాళ్లు చూశారు. ఇక్కడి వాళ్లు చూసింది నీలం చొక్కాలో ఉన్న హెన్రీని. ఆ జట్టులో ఆటంతా జిడాన్ చుట్టూ తిరిగేది. ఇద్దరూ అన్నేళ్లు కలిసి ఆడినా జిడాన్ పాస్‌కు నేరుగా హెన్రీ గోల్ కొట్టడం చాలా అరుదు. 2006లో బ్రెజిల్ మీద ఫ్రీకిక్ గోల్‌ని అంతగా చెప్పుకునేది అందుకే.

ఇంకోటి, 2002. ప్రపంచ చాంపియన్లుగా వెళ్లి ఒక్క గోల్ లేకుండా గ్రూపులోనే ఇంటికొచ్చారు. ఉరుగ్వే మ్యాచ్‌లో అరగంట కూడా కాకముందే హెన్రీకి రెడ్ కార్డు. జిడాన్‌కు గాయం అని సానుభూతి దక్కింది, హెన్రీకి అదీ దక్కలేదు.

డబ్లిన్ దాసు

చేతి గోల్ గురించి నేనే రాయాలి, ఇక్కడ నాలాంటి ఐటీ వాళ్లకు కొలీగ్స్ పెట్టే మొదటి క్లాసు అదే. నేను ఐర్లాండ్ వచ్చింది అది జరిగిన చాలా ఏళ్లకు. అయినా పబ్‌లో ఫుట్‌బాల్ ఇష్టమని చెప్పిన రెండో నిమిషంలోనే హెన్రీ పేరు వచ్చింది.

2009 నవంబర్ 18, స్టాద్ ద ఫ్రాన్స్. 2010 ప్రపంచకప్‌కు ప్లేఆఫ్ రెండో మ్యాచ్. డబ్లిన్‌లో మొదటి మ్యాచ్ ఫ్రాన్స్ 1-0తో గెలిచింది, అనెల్కా గోల్. పారిస్‌లో రాబీ కీన్ గోల్ కొట్టి సమం చేశాడు. ఆ రాత్రి ఐర్లాండే బాగా ఆడిందని ఫ్రెంచ్ వాళ్లూ ఒప్పుకుంటారు. ఎక్స్‌ట్రా టైమ్ 103వ నిమిషం. మలూదా ఫ్రీకిక్ అందరినీ దాటుకుని వెనక పోస్టు వైపు వచ్చింది. బంతి లైను దాటి వెళ్లిపోయేదే. హెన్రీ ఎడమ చేయి తగిలింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆగిన బంతిని కుడికాలితో అడ్డంగా తోశాడు, గలాస్ తలతో నెట్టాడు. ఐరిష్ వాళ్లు చేతులు చూపిస్తూ రిఫరీ చుట్టూ మూగారు. స్వీడన్ రిఫరీ హాన్సన్‌కు ఏమీ కనిపించలేదు.

మ్యాచ్ అయ్యాక హెన్రీ వెళ్లి ఐర్లాండ్ డిఫెండర్ రిచర్డ్ డన్ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ ఫొటో చూస్తే మా టీమ్ లీడ్‌కి ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. తర్వాత హెన్రీనే మళ్లీ మ్యాచ్ ఆడించడం న్యాయంగా ఉంటుందన్నాడు. ఫిఫా కుదరదంది. ఐర్లాండ్ వాళ్లు మమ్మల్ని 33వ జట్టుగా తీసుకోమని కూడా అడిగి చూశారు. కోర్టుకు వెళ్లకుండా ఉండేందుకు ఫిఫా ఐర్లాండ్ సంఘానికి 50 లక్షల యూరోలు ఇచ్చిన సంగతి 2015లో బయటపడింది. అప్పట్నుంచి నేను చూసే ఐరిష్ వాళ్ల కోపంలో సగం హెన్రీ మీద నుంచి సొంత సంఘం మీదకు మళ్లింది.

నన్నడిగితే బంతి చేతికి తగలడం తప్పు కాదు. రెండోసారి తగలడం, ఆ తర్వాత సంబరం చేసుకోవడం, అవే జనానికి మింగుడుపడలేదు.

ఓబుల్‌రెడ్డి 7

> 2010 ప్రపంచకప్‌కు ప్లేఆఫ్

అంత కష్టపడి వెళ్లి అక్కడ చేసిందేమిటో కూడా రాయండి. దక్షిణాఫ్రికాలో జట్టు బస చేసిన క్నిజ్నాలో ప్రాక్టీస్ మానేసి బస్సులో కూర్చున్నారు!

రజని (పారిస్ శివారు)

అవునండీ, అసలు దెబ్బ అక్కడే తగిలింది. కోచ్ దొమెనెక్‌తో గొడవపడ్డ అనెల్కాను ఇంటికి పంపారని జట్టంతా సమ్మె చేసి బస్సు దిగలేదు. ఆ బస్సు ఫ్రాన్స్‌లో ఇప్పటికీ పెద్ద మచ్చ. హెన్రీ అప్పటికి కెప్టెన్ కాదు, ఎవ్రా కెప్టెన్. హెన్రీ బెంచి మీద ఉన్న సీనియర్. కానీ ఆ జట్టులో 1998 కప్పు గెలిచినవాడు అతనొక్కడే. "పెద్దవాడివి నువ్వుండి ఎందుకు ఆపలేదు" అన్నారు. తిరిగొచ్చాక అతన్ని ప్రెసిడెంట్ సర్కోజీ పిలిపించుకుని మాట్లాడటం ఇంకా విడ్డూరమైంది. ఒకపక్క వీధుల్లో సమ్మెలు, ఇంకోపక్క ఫుట్‌బాల్ ఆటగాడు ఎలిజే ప్యాలెస్‌కు. అలా 123 మ్యాచ్‌ల ప్రయాణం ముగిసింది. జనం లేచి చప్పట్లు కొట్టేలాంటి వీడ్కోలు లేదు. 2006 ఫైనల్‌లో జిడాన్ తలతో గుద్ది రెడ్ కార్డుతో వెళ్లినా క్షమించారు, ఎందుకంటే ఫైనల్ దాకా మోసుకెళ్లాడు.

వేణు మిడ్‌ఫీల్డ్

అందరూ గొడవల గురించే రాస్తున్నారు, ఆట గురించి ఎవరూ ఎత్తట్లేదు. లండన్‌లో ఆ పిచ్చి అభిమానం ఎందుకో ఆట చూస్తేనే అర్థమవుతుంది.

హెన్రీ ఆర్సెనల్‌కు వచ్చినప్పుడు స్ట్రైకర్ కాదు. మొనాకోలో కోచ్ వెంగర్ (తర్వాత ఆర్సెనల్ కోచ్) కింద 17 ఏళ్లకే మొదటి మ్యాచ్ ఆడినా, తర్వాత వింగర్‌గా (మైదానం అంచున ఆడేవాడిగా) స్థిరపడ్డాడు. యువెంటస్ అయితే ఎడమ అంచున పెట్టి వెనక్కి పరిగెత్తి డిఫెన్స్ కూడా చేయమంది. 16 లీగ్ మ్యాచ్‌ల్లో 3 గోల్స్. ఆ వేసవిలో ఆర్సెనల్ అనెల్కాను రెండు కోట్ల పౌండ్ల పైచిలుకుకు రియల్ మాడ్రిడ్‌కు అమ్మి, అందులో సగానికి ఇతన్ని కొంది. వెంగర్ మధ్యలో ఆడమన్నాడు. మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో గోల్ లేదు. పేపర్లన్నీ ఆడిపోసుకున్నాయి. 1999 సెప్టెంబర్‌లో సౌతాంప్టన్ మీద సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి 1-0 కొట్టాక మొదలైంది.

వింగర్ అలవాటు పోలేదు, అదే మేలైంది. మామూలు స్ట్రైకర్ పెనాల్టీ బాక్సులో కాచుకుని ఉంటాడు. ఇతను ఎడమవైపు టచ్‌లైన్ దగ్గరికి జరిగిపోయేవాడు. సెంటర్ బ్యాక్ వెంట వెళ్తే మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలోకి పిరెస్, ల్యుంగ్‌బెర్గ్ దూరేవారు. వెళ్లకపోతే హెన్రీ బంతి అందుకుని తిరిగి లోపలికి పరిగెత్తేవాడు. చివర్లో ఒళ్లు విప్పి, కుడికాలి లోపలి అంచుతో, గోల్‌కీపర్ చేతికి అందకుండా అవతలి పోస్టు పక్కకు. ఏం చేస్తాడో మైదానంలో అందరికీ తెలుసు. అయినా ఆపలేరు.

2004 ఏప్రిల్ 9, హైబరీ, లివర్‌పూల్ మ్యాచ్. ఆ వారంలోనే ఆర్సెనల్ యునైటెడ్ చేతిలో ఎఫ్‌ఏ కప్ సెమీస్, చెల్సీ చేతిలో చాంపియన్స్ లీగ్ క్వార్టర్స్ పోగొట్టుకుంది. ఇక మిగిలింది లీగ్ ఒక్కటే, అందులో అప్పటిదాకా ఓటమి లేదు. హాఫ్‌టైమ్‌కు 1-2 వెనకబడ్డారు. స్టేడియంలో చావు ఇంటి వాతావరణం. 49వ నిమిషంలో పిరెస్ సమం చేశాడు. నిమిషం తిరగకుండానే హెన్రీకి మైదానం మధ్యలో బంతి దొరికింది. ముందు హామన్‌ను దాటాడు. బాక్సు దగ్గర లివర్‌పూల్ డిఫెండర్ కారగర్ ఎదురొచ్చాడు. ఒక్క భుజం కదలిక, కారగర్ నడుం తిరిగిపోయింది, వెళ్లి సొంత జట్టు బిస్చాన్‌ను గుద్దుకున్నాడు. హెన్రీ నింపాదిగా పక్కకు నెట్టాడు, 3-2. తర్వాత ఇంకోటి కొట్టి హ్యాట్రిక్. సరిగ్గా వారానికి లీడ్స్ మీద నాలుగు. ఆ సీజన్ 38 మ్యాచ్‌లూ ఓడకుండా ముగించారు, 30 గోల్స్ ఇతనివే.

మొత్తం సీజన్‌లో కుప్పకూలాల్సిన రోజు అదొక్కటే. ఆ రోజు నిలబెట్టినవాడు హెన్రీ. ఫైనల్ గోల్స్ అంటున్నారు కదా ఓబుల్‌రెడ్డి గారూ, లీగ్‌లో ఫైనల్ అంటూ ఉండదు, ఇలాంటి శుక్రవారం మ్యాచ్‌లే ఉంటాయి.

గోదారి గన్నర్

వేణు గారూ 🙏

విగ్రహం గురించి ఒక మాట. 2002 నవంబర్‌లో టాటెన్‌హామ్ మీద తన సగంలో బంతి తీసుకుని అవతలి చివరి దాకా ఒక్కడే పరిగెత్తి కొట్టాడు. అంతటితో ఆగలేదు. మళ్లీ మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరిగెత్తుకుంటూ వచ్చి, టాటెన్‌హామ్ అభిమానుల ఎదురుగా మోకాళ్ల మీద జారాడు. విగ్రహం చెక్కింది ఆ జారుడునే. పక్కింటి వాళ్లను ఉడికించినవాడికి వీధిలో గుడి కట్టారన్నమాట. ఫ్రాన్స్ జట్టులో అలాంటి పక్కింటి గొడవ ఎక్కడుంది?

కటలాన్ కిట్టు

బార్సా (బార్సిలోనా) ముక్క ఎవరూ రాయలేదు. 2007లో 2 కోట్ల 40 లక్షల యూరోలకు వచ్చాడు. అప్పటికే వెన్నునొప్పి, పాత వేగం లేదు. పైగా మళ్లీ ఎడమ అంచుకే తోశారు. అక్కడ సూర్యుడు మెస్సీ. అయినా 2008-09లో మెస్సీ 38, ఎటో 36, హెన్రీ 26, కలిపి సరిగ్గా 100 గోల్స్. రియల్ మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబ్యూలో వాళ్లను 6-2తో చితక్కొట్టినప్పుడు రెండు హెన్రీవే. ఆ ఏడాది లీగ్, కప్, చాంపియన్స్ లీగ్ మూడూ వచ్చాయి. ఆర్సెనల్‌లో దొరకని కప్పు ఇక్కడ దొరికింది.

అయినా మా వాళ్లు అతన్ని అతిథిలాగే చూశారు. ప్రేమగా, కానీ అతిథిలాగే.

నీలిమ

నమస్తే, కొత్త సభ్యురాలిని. నేను హెన్రీ ఆట లైవ్‌లో చూడలేదు. నాకు తెలిసిన హెన్రీ అమెరికా చానల్ చాంపియన్స్ లీగ్ షోలో కేట్ అబ్దో, మైకా రిచర్డ్స్, కారగర్ పక్కన కూర్చుని పగలబడి నవ్వే పెద్దమనిషి. (వేణు గారు రాసిన కారగర్, ఆ కారగరేనా?! ఇద్దరూ రోజూ పక్కపక్కన ఎలా కూర్చుంటున్నారు?)

పాత క్లిప్పులు చూస్తే ఒకటి వింతగా అనిపించింది. అంత అందమైన గోల్ కొట్టి నవ్వడేంటి? మొహం గంటు పెట్టుకుని, ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు చూస్తాడు. పొగరా?

వేణు మిడ్‌ఫీల్డ్

ఆ కారగరే. మైకా రిచర్డ్స్‌కు అదో తరగని జోకు.

రజని (పారిస్ శివారు)

నీలిమ గారూ, ఇక్కడ కూడా చాలామంది పొగరనే అనుకున్నారు. "గొప్ప ఆటగాడే" అన్న పొదుపుకి అదీ ఒక కారణం. దూరంగా ఉంటాడు, తూచి మాట్లాడతాడు, మనవాడు అనిపించడు.

2024 జనవరిలో ఒక పాడ్‌కాస్ట్‌లో అతనే విప్పి చెప్పాడు. నాన్నకు కొడుకు పుట్టినప్పట్నుంచీ ఒకటే పట్టు, వీడు గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడు కావాలని. చిన్నప్పుడు ఒక మ్యాచ్ 6-0తో గెలిచారు, ఆరు గోల్సూ ఇతనివే. నాన్న మెచ్చుకోలేదు సరికదా, ఫలానా బంతి సరిగ్గా ఆపలేదు, ఫలానా క్రాస్ తప్పావు అని లెక్క చెప్పాడు. గోల్ కొట్టాక నవ్వకపోవడానికి మూలం అక్కడే కనిపిస్తుంది. తప్పింది ఏమిటన్న ఆలోచనే.

ఆడిన రోజులన్నీ డిప్రెషన్‌లోనే ఉండి ఉంటానని, అప్పట్లో అది తెలియలేదని అన్నాడు. 2020లో మాంట్రియల్‌లో కోచ్‌గా ఉన్నప్పుడు కోవిడ్ వచ్చింది. పిల్లలు యూరప్‌లో, తను అక్కడ ఒంటరి. దాదాపు రోజూ ఏడ్చేవాడినన్నాడు. ఒకసారి ఇంటికొచ్చి తిరిగి బయల్దేరుతుంటే పిల్లలు, ఇంట్లోవాళ్లు ఏడ్చారట. వీళ్లు ఏడుస్తున్నది ఫుట్‌బాల్ ఆటగాడి కోసం కాదు, నాకోసం అని మొదటిసారి తెలిసిందట. బ్యాగులు కింద పెట్టేసి ఉద్యోగం మానేశాడు.

అది విన్నాక నాకు ఆ పాత మొహం వేరేలా కనిపించింది.

స్కోర్‌బుక్ శాస్త్రి

అందుకే 2012 జనవరి 9 ముఖ్యం. న్యూయార్క్ రెడ్ బుల్స్ నుంచి రెండు నెలల అప్పు మీద ఆర్సెనల్‌కు వచ్చాడు, 34 ఏళ్లు, గడ్డం. లీడ్స్‌తో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్. 68వ నిమిషంలో దిగాడు, 78లో సాంగ్ పాస్ అందుకుని అదే ఎడమవైపు నుంచి అదే కుడికాలి లోపలి అంచుతో అవతలి పోస్టుకు కొట్టాడు. 1-0. ఆ గోల్ తర్వాత హెన్రీ గుండెలు బాదుకుంటూ పిచ్చివాడిలా వెంగర్ దగ్గరికి పరిగెత్తాడు. నీలిమ గారు అది చూడాలి. ఆటగాడిగా కాక అభిమానిగా కొట్టిన గోల్ అది.

ఓబుల్‌రెడ్డి 7

బాధగానే ఉంది, కాదనను. కానీ కోచ్‌గా సంగతి కూడా వస్తే సమగ్రంగా ఉంటుంది. 2018 అక్టోబర్‌లో మొనాకో పగ్గాలిస్తే మూడు నెలల్లో ఇంటికి పంపారు. గెలిచిన మ్యాచ్‌లు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. తీసేసిన పాత కోచ్ జార్దిమ్‌నే మళ్లీ పిలుచుకున్నారంటే ఎలా ఉందో ఊహించుకోండి.

కటలాన్ కిట్టు

ఆ జట్టులో సగం మంది గాయాలతో ఉన్నారు బ్రో, ఎవరొచ్చినా అంతే. పైగా దానికి ముందు బెల్జియంలో మార్టినెజ్ దగ్గర అసిస్టెంట్‌గా బాగా చేశాడు. లుకాకు ఇప్పటికీ తన ఆటకు హెన్రీ ఎంత మేలు చేశాడో చెబుతుంటాడు. 2018 ప్రపంచకప్ సెమీస్‌లో ఫ్రాన్స్‌కు ఎదురుగా బెల్జియం బెంచి మీద కూర్చున్నాడు, అవతల కోచ్ తన 98 నాటి కెప్టెన్ దెషాంప్. 1-0తో ఫ్రాన్స్ గెలిచింది.

రజని (పారిస్ శివారు)

అప్పుడిక్కడ కాఫీ షాపుల్లో జోకులే జోకులు, "వాడు ఎటు వైపు" అని. కానీ 2024 ఒలింపిక్స్ చాలా మార్చింది. అండర్-21 కోచ్‌గా పారిస్ ఒలింపిక్స్ జట్టును నడిపాడు. క్లబ్బులు ఆటగాళ్లను వదల్లేదు, ఎంబాపె రాలేదు. లకజెత్ కెప్టెన్, ఒలీజె లాంటి కుర్రాళ్లు. ఆగస్టు 9న పార్క్ దె ప్రాన్స్‌లో స్పెయిన్‌తో ఫైనల్. 1-3 వెనకబడి, చివరి క్షణాల్లో మతెతా పెనాల్టీతో 3-3 చేశారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో 5-3తో ఓడిపోయారు. వెండి పతకం. టచ్‌లైన్ దగ్గర హెన్రీ గెంతడం, అరవడం, కళ్లు తుడుచుకోవడం ఫ్రాన్స్ మొత్తం చూసింది. నాకు తెలిసిన ఫ్రెంచ్ వాళ్లు అతని గురించి ఆప్యాయంగా మాట్లాడటం విన్నది అప్పుడే. పది రోజుల్లో సొంత కారణాలని రాజీనామా చేశాడు, అదీ అతనే!

గోదారి గన్నర్

ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. 2004లో స్పెయిన్ కోచ్ అరగోనెస్ ట్రెయినింగ్‌లో రెయెస్‌ను ఉసిగొల్పుతూ హెన్రీ ఒంటి రంగు మీద నీచంగా మాట్లాడాడు, కెమెరాకు దొరికిపోయాడు. స్పెయిన్ సంఘం నామమాత్రపు జరిమానా వేసి చేతులు దులుపుకుంది. హెన్రీ ఊరుకోలేదు. 2005లో నలుపు, తెలుపు రిస్ట్‌బ్యాండ్లు ఒకదానిలో ఒకటి వేసిన ఉద్యమాన్ని ముందుండి నడిపాడు. 2020లో మాంట్రియల్ కోచ్‌గా మ్యాచ్ మొదలవగానే జార్జ్ ఫ్లాయిడ్ కోసం 8 నిమిషాల 46 సెకన్లు మోకాలి మీద ఉన్నాడు. 2021 మార్చిలో జాతి దూషణలను కంపెనీలు పట్టించుకోవడం లేదని సోషల్ మీడియా అకౌంట్లన్నీ వదిలేశాడు. కోటి మందికి పైగా ఫాలోవర్లను అలా వదులుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈ పనులు ఎక్కువగా ఇంగ్లండ్, అమెరికాల్లో ఉండగా చేసినవి. ఫ్రాన్స్‌లో అతని ఖాతాలో పడలేదేమో.

సికింద్రాబాద్ సలీం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మన దగ్గర హెన్రీ పేరు అంతగా ఎలా పాకిందో అని ఆలోచిస్తే, టీవీ ఒకటి, రెండోది ఇంటర్నెట్ సెంటర్లు. ఫిఫా 2004 గేమ్ అట్ట మీద హెన్రీ, రొనాల్దీన్యో, దెల్ పియెరో ఉండేవాళ్లు. గంటకు ఇంత అని కట్టి ఆడేవాళ్లం. ఎవరు ముందొస్తే వాళ్లదే ఆర్సెనల్. ఎందుకంటే ఆ గేమ్‌లో హెన్రీకి బంతిచ్చి పరిగెత్తించే బటన్ నొక్కితే చాలు, డిఫెండర్లు వెనకే ఉండిపోయేవాళ్లు. క్రికెట్ తప్ప ఏదీ పట్టని వాళ్లు కూడా అలా ఆర్సెనల్ వాళ్లయ్యారు.

2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైనప్పుడు పిరెస్ గోవాకు, త్రెజెగె పుణెకు, అనెల్కా, ల్యుంగ్‌బెర్గ్ ముంబైకి వచ్చారు. అంతా హెన్రీ దోస్తులే. ఇతను మాత్రం ఆ డిసెంబర్‌లోనే రిటైర్మెంట్ ప్రకటించేశాడు. అప్పటికి హైదరాబాద్‌కు ఐఎస్ఎల్ టీమే లేదు, అది వేరే బాధ. రహీం సాబ్ కోచింగ్ చూసిన ఊరు, తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు...

మోడరేటర్

సలీం భాయ్, రహీం సాబ్ మీద వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ హెన్రీ.

స్కోర్‌బుక్ శాస్త్రి

రికార్డుల మాట. ఫ్రాన్స్‌కు 51 గోల్స్ రికార్డును 2022 ప్రపంచకప్‌లో పోలండ్ మీద జిరూ దాటాడు, చివరికి 57 దగ్గర ఆగాడు. 2025లో ఎంబాపె కూడా హెన్రీని దాటేశాడు. తమాషా ఏమిటంటే జిరూకి హెన్రీలో సగం నైపుణ్యం లేదని అందరూ అంటారు, కానీ ఫ్రాన్స్‌లో జిరూ అంటే ఇష్టం. కష్టపడతాడు, నవ్వుతాడు, మాట్లాడతాడు.

హెన్రీ గురించి నాకు అసలు ఆశ్చర్యం గోల్స్ కాదు. 2002-03 లీగ్‌లో 24 గోల్స్‌తో పాటు 20 అసిస్టులు (ఇతరుల గోల్‌కు ఇచ్చిన పాసులు). ఆ 20ని మళ్లీ అందుకోవడానికి డిబ్రైనకు 2020 దాకా పట్టింది, అతనేమో మిడ్‌ఫీల్డర్. అయినా 2003 బాలన్ డోర్ (ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు) నెద్వెద్‌కు ఇచ్చారు, హెన్రీకి రెండో స్థానం.

ఓబుల్‌రెడ్డి 7

నెద్వెద్‌కు ఇవ్వడం అన్యాయమే, ఈ ఒక్కటి మీతో. స్క్రీన్‌షాట్ తీసుకోండి, మళ్లీ దొరకదు.

కానీ గన్నర్ గారి ప్రశ్నకు నా జవాబు మారలేదు. లండన్ వాళ్లకు అతను ఇచ్చింది గోల్స్ మాత్రమే కాదు, వాళ్లతో పాటు ఓడిపోవడం కూడా. 2006 ఫైనల్ ఓడాక బార్సిలోనా పిలిచినా ఆ ఏడాది వెళ్లలేదు, ఆర్సెనల్‌తోనే కొత్త కాంట్రాక్టు రాసుకున్నాడు. దానికి పది రోజుల ముందు హైబరీ చివరి మ్యాచ్‌లో విగన్ మీద హ్యాట్రిక్ కొట్టి వంగి పచ్చికను ముద్దుపెట్టుకున్నాడు. అది చూసినవాడు అతన్నెలా వదులుకుంటాడు? మా కాంటోనా సంగతీ అంతే కదా. ఫ్రాన్స్ వాళ్లు వద్దనుకున్నాక మాంచెస్టర్‌లో రాజయ్యాడు.

రజని (పారిస్ శివారు)

కాంటోనాను ఫ్రాన్స్ వద్దనుకుందని ఎవరన్నారు, తనే కోచ్‌లతో, సంఘంతో తగువులాడి... సరే, అది వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ తేల్చుకుందాం.

నీలిమ

ఇదంతా చదివాక ఒక మ్యాచ్ మొదట్నుంచీ చివరిదాకా చూడాలనిపిస్తోంది, హైలైట్స్ కాదు. ఏది చూడమంటారు?

కటలాన్ కిట్టు

2009 మే 2, బెర్నబ్యూ, 6-2. ఆలోచించక్కర్లేదు.

రజని (పారిస్ శివారు)

2006 జులై 1, ఫ్రాంక్‌ఫర్ట్, ఫ్రాన్స్-బ్రెజిల్. 57వ నిమిషంలో జిడాన్ ఫ్రీకిక్ వేస్తుంటే రాబర్టో కార్లోస్ ఏం చేస్తున్నాడో చూడండి. వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, అతని వెనక నుంచి హెన్రీ ఒంటరిగా దూసుకొస్తున్నాడు.

ఓబుల్‌రెడ్డి 7

2003 ఏప్రిల్, హైబరీ, ఆర్సెనల్ 2 యునైటెడ్ 2. రెండూ హెన్రీవే, అయినా లీగ్ ఎవరు గెలిచారో మీరే వెతుక్కోండి.

గోదారి గన్నర్

లివర్‌పూల్ మ్యాచ్ తప్ప ఇంకేదీ వద్దు.

నీలిమ

లివర్‌పూల్‌ది దొరికింది, మొదలుపెట్టాను. ఇప్పుడు హాఫ్‌టైమ్, 1-2. ఎవరూ స్కోరు చెప్పకండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

ఓబుల్‌రెడ్డి 7

పైన వేణు గారు నిమిషాలతో సహా చెప్పేశారు కదండీ.